మొక్క కణ కేంద్రకంలో ఫాస్ఫోరిలేషన్‌ను అదుపు చేసేది ఎవరు?

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. ఒకటి: "కైనేజ్ ఫాస్ఫేట్ పెడుతుంది, ఫాస్ఫటేజ్ తీస్తుంది అని పుస్తకంలో ఒక్క లైనులో తేల్చేశారు. మొక్కల న్యూక్లియస్‌లో దీన్ని అదుపు చేసేది ఎవరు?" రెండు: "అరబిడాప్సిస్ మొలకల మొత్తం ప్రోటీన్‌తో వెస్టర్న్ బ్లాట్ చేస్తే నా ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్‌కు రెండు బ్యాండ్లు వస్తున్నాయి. కేంద్రకంలో ఫాస్ఫోరిలేషన్ జరిగిందని థీసిస్‌లో రాయొచ్చా?" (అరబిడాప్సిస్ అంటే ల్యాబుల్లో నమూనాగా వాడే చిన్న మొక్క. వెస్టర్న్ బ్లాట్ అంటే ప్రోటీన్లను జెల్‌లో విడదీసి యాంటీబాడీతో గుర్తించే పద్ధతి. ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్ అంటే డీఎన్ఏను పట్టుకుని జన్యువులను నడిపే ప్రోటీన్.)

రెండోదానికి చిన్న జవాబు: ఇప్పుడే రాయకండి. ఎందుకో తర్వాత చెప్తాను. ముందు మొదటిది చూద్దాం. అది తేలితే రెండోదానికి ఏ ప్రయోగం చేయాలో మీకే తడుతుంది.

ఫాస్ఫోరిలేషన్ అంటే కణానికి శక్తినిచ్చే ఏటీపీ అణువు చివరి ఫాస్ఫేట్‌ను తీసుకొచ్చి ప్రోటీన్‌లోని సెరిన్, థ్రియోనిన్ లేదా టైరోసిన్ అనే అమైనో ఆమ్లానికి అంటించడం. పెరిగే బరువు 80 డాల్టన్లే. కానీ ఆ చోట దాదాపు రెండు ఋణావేశాలు వచ్చి కూర్చుంటాయి. దాంతో ఆ ప్రోటీన్ డీఎన్ఏ మీద పట్టు కోల్పోవచ్చు, కొత్త ప్రోటీన్‌తో జతకట్టవచ్చు, లేదా ప్రోటీన్లను ముక్కలు చేసే ప్రోటియాసోమ్‌కు దొరికిపోవచ్చు. 2008లో అరబిడాప్సిస్ మీద జరిగిన ఒక పెద్ద సర్వేలో ఫాస్ఫేట్ అంటిన చోట్లలో సుమారు 85 శాతం సెరిన్లు, 11 శాతం థ్రియోనిన్లు, 4 శాతం టైరోసిన్లు అని తేలింది.

ఇక లెక్కలు. అరబిడాప్సిస్‌లో కైనేజ్ జన్యువులు వెయ్యి దాకా ఉన్నాయి. ఫాస్ఫటేజ్‌లు 150 చుట్టుపక్కల. ఈ తేడా చూసి చాలామంది విద్యార్థులు కథంతా కైనేజ్‌లదే, ఫాస్ఫటేజ్‌లు వెనకాల ఊడ్చే పనివాళ్లు అనుకుంటారు. అసలు తిరకాసు ఇక్కడే. పీపీ2ఏ అనే ఒక్క ఫాస్ఫటేజ్‌నే చూడండి. దానికి మూడు భాగాలు కావాలి. అరబిడాప్సిస్‌లో ఏ రకం భాగాలు 3, బీ రకం 17, సీ రకం 5 ఉన్నాయి. కాగితం మీద 255 జోడింపులు వస్తాయి. ఏ ప్రోటీన్‌ను పట్టుకోవాలో, కణంలో ఎక్కడ ఉండాలో చాలావరకు తేల్చేది బీ భాగం. జన్యువులు తక్కువ ఉన్నాయని అదుపు తక్కువ అనుకోకూడదు.

ఒక ప్రోటీన్ మీద ఏ క్షణంలో ఎంత ఫాస్ఫేట్ ఉందనేది తొట్టిలో నీటిమట్టం లాంటిది. పైన కుళాయి ఎంత తెరిచారన్నది ఎంత ముఖ్యమో, కింద తూము ఎంత తెరిచి ఉందన్నదీ అంతే ముఖ్యం. మొక్కల కేంద్రకంలో బాగా అర్థమైన రెండు హార్మోన్ దారులను చూస్తే, సంకేతం వచ్చినప్పుడు కుళాయి కంటే తూము దగ్గరే ఎక్కువ పని జరుగుతుంది. అందుకే "ఏ కైనేజ్ ఆన్ అయింది" అని నేను మొదట అడగను. "తీసేవాడు ఎక్కడున్నాడు, వాడిని ఆపిందెవరు, లోపలికి రానిచ్చిందెవరు" అని అడుగుతాను.

బ్రాసినోస్టెరాయిడ్ అనే పెరుగుదల హార్మోన్ దారితో మొదలుపెడదాం. జంతువుల్లో స్టెరాయిడ్ హార్మోన్ అనగానే కణంలోపలి గ్రాహకం, అది నేరుగా డీఎన్ఏ మీద కూర్చోవడం గుర్తొస్తాయి. మొక్కలో అలా కాదు. బ్రాసినోస్టెరాయిడ్ గ్రాహకమైన బీఆర్ఐ1 కణత్వచంలో ఉంటుంది, అదే ఒక కైనేజ్ కూడా. కబురు కేంద్రకం దాకా చేరాలంటే మధ్యలో మనుషులు కావాలి. వాళ్లలో ముఖ్యుడు బిన్2. ఇది జీఎస్‌కే3 కుటుంబపు కైనేజ్. విచిత్రం ఏమిటంటే హార్మోన్ లేనప్పుడే ఇది పని చేస్తూ ఉంటుంది. బీజెడ్ఆర్1, బీఈఎస్1 అనే రెండు ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లకు వరుసగా ఫాస్ఫేట్లు అంటిస్తూ పోతుంది. అలా అంటిన ప్రోటీన్ డీఎన్ఏను సరిగా పట్టుకోలేదు. పైగా ఫాస్ఫేట్ అంటిన చోట్లకు అతుక్కునే 14-3-3 ప్రోటీన్లు దాన్ని పట్టుకుని కణద్రవ్యంలోనే ఉంచేస్తాయి.

హార్మోన్ వచ్చాక ఈ చివర జరిగేది ప్రధానంగా ఫాస్ఫేట్‌ను ఊడదీసే పనే. బీఎస్‌యూ1 అనే ఫాస్ఫటేజ్ బిన్2లో 200వ స్థానంలోని టైరోసిన్ నుంచి ఫాస్ఫేట్‌ను తీసేస్తుంది, దాంతో బిన్2 చల్లబడుతుంది. మరోవైపు పీపీ2ఏ వచ్చి బీజెడ్ఆర్1ను శుభ్రం చేస్తుంది. శుభ్రమైన బీజెడ్ఆర్1 కేంద్రకంలో చేరి జన్యువులను నడుపుతుంది. దీనికి చక్కటి సాక్ష్యం బీజెడ్ఆర్1-1డీ అనే మ్యూటెంట్ (జన్యువు మారిన మొక్క). అందులో మారింది ఒక్క అమైనో ఆమ్లం: 234వ ప్రోలీన్ స్థానంలో ల్యూసిన్ వచ్చింది. ఈ మొక్క హార్మోన్ బాగా తగులుతున్నట్టే ప్రవర్తిస్తుంది. చాలా ఏళ్లు ఇది ప్రోటీన్ నిలకడ వ్యవహారం అనే అనుకున్నారు. ఆ మార్పు వల్ల పీపీ2ఏ మరింత గట్టిగా అతుక్కుంటోందని 2011లో తేలింది. అంటే కైనేజ్‌ను ఏమీ చేయకుండా, తీసేవాణ్ణి దగ్గరికి లాగితేనే మొక్క తీరు మారిపోయింది.

ఈ పని కేంద్రకంలో జరుగుతుందా, బయటా? దీని మీద కొంత వాదన నడిచింది. బీఈఎస్1 ఎప్పుడూ కేంద్రకంలోనే ఉంటుందని, బిన్2 అక్కడికే వచ్చి దాని డీఎన్ఏ పట్టును తెంచుతుందని 2006లో ఒక బృందం చూపించింది. మరుసటి ఏడాదే 14-3-3 కథ బయటికొచ్చింది. బీజెడ్ఆర్1లో 173వ సెరిన్‌ను అలనిన్‌గా మారిస్తే 14-3-3 పట్టు పోయి ప్రోటీన్ కేంద్రకంలో ఎక్కువగా చేరుతోందని చూశారు. నా మటుకు ఇవి ఒకదానికొకటి అడ్డం కాదు. ఒకే ప్రోటీన్ మీద చాలా చోట్ల ఫాస్ఫేట్లు పడతాయి. కొన్ని డీఎన్ఏ పట్టును తీస్తాయి, కొన్ని బయటికి సాగనంపుతాయి. మీ థీసిస్‌లో "ఫాస్ఫోరిలేట్ అయింది" అని మాత్రం రాసి ఊరుకోకండి. ఏ స్థానంలో అన్నదే అసలు ప్రశ్న.

అబ్సిసిక్ ఆమ్లం దారి దీనికి సరిగ్గా తిరగేసినట్టు ఉంటుంది. నీళ్లు లేక మొక్క వాడుతున్నప్పుడు పెరిగే హార్మోన్ ఇది. స్నర్క్2 కుటుంబపు కైనేజ్‌లు పని చేయాలంటే వాటిని చురుకు చేసే యాక్టివేషన్ లూప్ అనే భాగంలో ఫాస్ఫేట్ ఉండాలి. స్నర్క్2.6లో అది 175వ సెరిన్. మామూలు రోజుల్లో ఏబీఐ1, హెచ్ఏబీ1 వంటి పీపీ2సీ ఫాస్ఫటేజ్‌లు ఆ ఫాస్ఫేట్‌ను పీకేస్తూ ఉంటాయి. అంతటితో ఆగవు. కైనేజ్ నోటికి అడ్డంగా కూర్చుని భౌతికంగా కూడా మూసేస్తాయి. హార్మోన్ వచ్చినప్పుడు దాన్ని పట్టుకునే పీవైఆర్/పీవైఎల్ గ్రాహకాలు (2009లో బయటపడ్డాయి, అరబిడాప్సిస్‌లో 14) నేరుగా ఈ పీపీ2సీకే అడ్డుపడతాయి. తూము మూసుకుంటుంది. స్నర్క్2 మీద ఫాస్ఫేట్ నిలుస్తుంది. రాఫ్ రకం కైనేజ్‌లు కూడా పైనుంచి ఫాస్ఫేట్ అందిస్తాయని ఇటీవలి పరిశోధనలు చూపించాయి. ఇక స్నర్క్2 కేంద్రకంలో ఏబీఐ5, ఏబీఎఫ్ వంటి ఫ్యాక్టర్లకు ఫాస్ఫేట్ పెడుతుంది, కరువును తట్టుకునే జన్యువులు లేస్తాయి.

ఇందులో కేంద్రకం ఎంత ముఖ్యమో చూడాలంటే ఏబీఐ1-1 మ్యూటెంట్ చూడండి. ఇందులోని ఏబీఐ1 గ్రాహకానికి లొంగదు, హార్మోన్ ఎంత ఉన్నా ఫాస్ఫేట్ పీకుతూనే ఉంటుంది. పత్రరంధ్రాలు మూసుకోవు, మొక్క తొందరగా వాడిపోతుంది. ఈ మొండి ఏబీఐ1 అలా చెడగొట్టాలంటే కేంద్రకంలో ఉండి తీరాలని 2008లో చూపించారు. కేంద్రకంలోకి చేరకపోతే దాని ప్రభావం పోయింది. ఎంజైమ్ అదే, చురుకుదనం అదే, చోటు మారితే కథ మారింది. మీ ప్రశ్నకు ఇంతకన్నా సూటి జవాబు నాకు తెలియదు.

చోటు అన్నాం కాబట్టి గుమ్మం సంగతి కూడా చూద్దాం. కేంద్రక రంధ్రాల గుండా చిన్న ప్రోటీన్లు, ఓ 40 కిలోడాల్టన్ల లోపువి, తమంతట తాము జారిపోగలవు. పెద్దవాటికి లోపలికి మోసుకెళ్లే ఇంపోర్టిన్ కావాలి, లోపలికెళ్లే సిగ్నల్ కావాలి. బయటికి రావడానికి ఎక్స్‌పీఓ1 వంటి ఎక్స్‌పోర్టిన్ కావాలి. ఈ సిగ్నల్ పక్కనే ఫాస్ఫేట్ పడితే ఇంపోర్టిన్‌తో అతుకు మారిపోతుంది. అంటే ఫాస్ఫోరిలేషన్ గుమ్మాన్ని అదుపు చేస్తుంది, గుమ్మం తిరిగి ఫాస్ఫోరిలేషన్‌ను అదుపు చేస్తుంది. వీఐపీ1 అనే ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్ దీనికి ముచ్చటైన ఉదాహరణ. ఎంపీకే3 అనే కైనేజ్ ఫాస్ఫేట్ పెడితే వీఐపీ1 కేంద్రకంలోకి వెళ్తుంది. మొక్క దీన్ని రక్షణ కోసం వాడుకుంటుంది. మొక్కలోకి తన జన్యువులను చొప్పించే అగ్రోబ్యాక్టీరియం అదే బండెక్కి తన టీ-డీఎన్ఏను (ఆ చొప్పించే ముక్కను) లోపలికి చేరవేసుకుంటుందని 2007లో ఒక బృందం రాసింది, దాని మీద తర్వాత వాదన నడిచింది. మనం ల్యాబ్‌లో అగ్రోబ్యాక్టీరియంతో ట్రాన్స్‌జెనిక్ మొక్కలు చేసేటప్పుడు వాడుకుంటున్నది టీ-డీఎన్ఏను చేరవేసే ఈ సూక్ష్మజీవి తెలివినే.

పక్కన ఎవరున్నారన్నది కూడా ఒక అదుపే. ఎంపీకే4 అనే కైనేజ్, ఎంకేఎస్1 అనే ప్రోటీన్, డబ్ల్యూఆర్‌కేవై33 అనే ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్ కేంద్రకంలో ఒక గుంపుగా ఉంటాయి. సూక్ష్మజీవి కబురు అందితే ఎంపీకే4 చురుకై ఎంకేఎస్1కు ఫాస్ఫేట్ పెడుతుంది, గుంపు విడిపోతుంది, విడుదలైన డబ్ల్యూఆర్‌కేవై33 కామలెక్సిన్ అనే రక్షణ రసాయనం తయారీకి కావలసిన పీఏడీ3 జన్యువు దగ్గరికి వెళ్తుంది. ఇక్కడ ఫాస్ఫేట్ పడింది ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్ మీద కాదు, దాన్ని పట్టుకుని ఉన్నవాడి మీద. వేరే దారిలో ఎంపీకే3, ఎంపీకే6 అదే డబ్ల్యూఆర్‌కేవై33కు నేరుగా కూడా ఫాస్ఫేట్ పెడతాయి.

వెలుతురు విషయం పాతదీ, ఇప్పటికీ రసవత్తరమైనదీ. 1985లో టెక్సాస్‌లోని స్టాన్లీ రూ బృందం బఠానీ మొలకల నుంచి కేంద్రకాలను విడదీసి, వాటికి ఎర్ర కాంతి చూపిస్తే కొన్ని ప్రోటీన్ల ఫాస్ఫోరిలేషన్ పెరుగుతోందని, అందులో కాల్షియం పాత్ర ఉందని రాసింది. కేంద్రకాన్ని విడిగా తీసి గాజు గొట్టంలో పెట్టినా కాంతికి స్పందిస్తోందంటే అప్పట్లో అది చిన్న మాట కాదు. రెండేళ్ల తర్వాత అదే బృందం ఆ కేంద్రకాల్లోని ఎన్II కైనేజ్‌ను స్పెర్మిన్ అనే పాలీఅమీన్ ఉత్తేజపరుస్తుందని చూపించింది. ఈ కైనేజ్‌నే ఇప్పుడు సీకే2 అంటున్నాం.

ఈరోజు మనకు తెలిసిన కథ ఇంకాస్త వివరంగా ఉంది. వెలుతురు తగిలిన ఫైటోక్రోమ్ బీ (ఎర్ర కాంతిని గుర్తించే ప్రోటీన్) కేంద్రకంలోకి వస్తుంది. అక్కడ పిఫ్3 అనే ప్రోటీన్ చీకటి జన్యువులను నడుపుతూ ఉంటుంది. ఫైటోక్రోమ్ దాన్ని పట్టుకోగానే దాని మీద చాలా చోట్ల ఫాస్ఫేట్లు పడతాయి, నిమిషాల్లో ప్రోటియాసోమ్ దాన్ని నమిలేస్తుంది. ఆ ఫాస్ఫేట్లు పడే చోట్లను మార్చేస్తే పిఫ్3 నాశనం కావడం ఆగిపోతుంది. పెట్టేవాళ్లలో పీపీకే1 నుంచి పీపీకే4 వరకు ఉన్న కైనేజ్‌లు ఉన్నాయని 2017లో తేలింది. తమాషా ఏమిటంటే పిఫ్3ను కూల్చే ఈ పనిలో ఫైటోక్రోమ్ బీ కూడా కొంత కూలిపోతుంది. సిగ్నల్ తెచ్చినవాడు కూడా తగ్గిపోతేనే కదా స్పందన మితిమీరకుండా ఉండేది.

సీకే2ది వేరే తరహా. దాన్ని ఆన్ చేయడానికి ఏ హార్మోనూ అక్కర్లేదు, ఎప్పుడూ చురుకుగానే ఉంటుంది. ఏటీపీతో పాటు జీటీపీని కూడా వాడుకోగలదు. మరి అదుపు ఎక్కడ? దానికి తోడుండే బీటా భాగాల్లో ఉంది, దొరికే ప్రోటీన్లలో ఉంది. సెరిన్ తర్వాత మూడో స్థానంలో ఆమ్ల స్వభావం గల అమైనో ఆమ్లం ఉన్న చోటు దానికి ఇష్టం. జీవ గడియారంలోని సీసీఏ1కు ఇది ఫాస్ఫేట్ పెడుతుంది. కాంతి దారిలోని హెచ్‌వై5నూ వదలదు. ఎప్పుడూ ఆన్‌లో ఉండే కైనేజ్‌కు "స్విచ్" వెతికి విద్యార్థులు చాలా కాలం వృథా చేసుకుంటారు. మీరు ఆ గోలలో పడకండి.

ఇప్పుడు కాల్షియం. వేరుశనగ, కంది, శనగ వంటి పప్పుజాతి మొక్కల వేళ్లకు బుడిపెలు రావడం మీరు పొలంలో చూసే ఉంటారు. అందులో మొదటి నిర్ణయం జరిగేది వేరు కణపు కేంద్రకంలోనే. రైజోబియం బ్యాక్టీరియా పంపిన నాడ్ ఫ్యాక్టర్ అనే సంకేత అణువు అందగానే కేంద్రకంలోనూ, దాని చుట్టూరానూ కాల్షియం నిమిషానికో రెండు నిమిషాలకో ఒకసారి ఎగిసి పడుతూ ఉంటుంది. దీన్ని చదివేది సీసీఏఎంకే అనే కైనేజ్. దానిలో కాల్షియం పట్టుకునే మూడు ఈఎఫ్ హ్యాండ్లు ఉన్నాయి, పక్కనే కాల్మోడ్యులిన్ అనే కాల్షియం పట్టే ప్రోటీన్ అతుక్కునే చోటు ఉంది. కాల్షియం మామూలు మట్టంలో ఉన్నప్పుడు అది తనమీద తానే, మెడికాగో అనే పప్పుజాతి మొక్కలో అయితే 271వ థ్రియోనిన్ మీద, ఫాస్ఫేట్ పెట్టుకుని నిద్రపోతుంది. కాల్షియం ఎగిసినప్పుడు కాల్మోడ్యులిన్ వచ్చి ఆ నిద్రను చెదరగొడుతుంది. ఆ థ్రియోనిన్‌ను మార్చేస్తే బ్యాక్టీరియా ఒక్కటి కూడా లేకుండానే బుడిపెలు వస్తాయని 2006లో చూపించారు. మేలుకున్న సీసీఏఎంకే సైక్లాప్స్ అనే ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్‌లో 50, 154 స్థానాల్లోని సెరిన్లకు ఫాస్ఫేట్ పెడుతుంది, అది బుడిపెలకు కావలసిన నిన్ జన్యువును లేపుతుంది. ఒకే ఫాస్ఫేట్ ఒక చోట బ్రేకు, ఇంకో చోట యాక్సిలరేటర్ అన్నది ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

మిగతావి పేర్లు చెప్పి దాటేస్తాను. ఆర్ఎన్ఏ పాలిమరేజ్ II తోకలో ఏడు అమైనో ఆమ్లాల వరుస పదేపదే వస్తుంది, దానికి సీడీకే అనే కైనేజ్‌లు ఫాస్ఫేట్ పెడతాయి, సీపీఎల్ ఫాస్ఫటేజ్‌లు తీస్తాయి. డీఎన్ఏ తెగితే ఏటీఎం అనే కైనేజ్ ఎస్‌ఓజీ1కు ఫాస్ఫేట్ పెడుతుంది. జంతువుల్లో పీ53 అనే ప్రోటీన్ చేసే పనిలో కొంత మొక్కల్లో ఇది చేస్తుంది. కణవిభజనలో ఆరోరా కైనేజ్‌లు డీఎన్ఏ చుట్టుకుని ఉండే హిస్టోన్ హెచ్3లో 10వ సెరిన్‌ను పట్టుకుంటాయి. వీటి మీద మీకు పని పడితే విడిగా అడగండి.

మీ రెండు బ్యాండ్ల సంగతికి వద్దాం. పైబ్యాండ్ ఫాస్ఫోరిలేషన్ వల్లే వచ్చిందని ముందు తేలాలి. యుబిక్విటిన్, సుమో వంటి చిన్న ప్రోటీన్లు అంటడం కావచ్చు, ఒకే జన్యువు ఆర్ఎన్ఏ వేరే తీరులో అతకడం (ప్రత్యామ్నాయ స్ప్లైసింగ్) కావచ్చు. శాంపిల్‌ను మూడు భాగాలు చేయండి: ఒకదానికి ఫాస్ఫేట్లు ఊడదీసే లాంబ్డా ఫాస్ఫటేజ్, ఒకదానికి ఫాస్ఫటేజ్‌తో పాటు దాన్ని ఆపే ఇన్హిబిటర్, ఒకదానికి బఫర్ మాత్రమే. లాంబ్డాకు మాంగనీస్ కావాలి, కాబట్టి అక్కడ లోహపు అయాన్లను పట్టేసే ఈడీటీఏ ఉండకూడదు. పైబ్యాండ్ మొదటిదానిలో మాత్రమే కిందికి దిగితే ఫాస్ఫేట్ అని చెప్పొచ్చు. బ్యాండ్లు దగ్గరగా ఉంటే ఫాస్ఫేట్ ఉన్న ప్రోటీన్లను నెమ్మదిగా కదిలించే ఫాస్-ట్యాగ్ జెల్ వాడండి. అందులో మామూలు రంగు మార్కర్ల బరువులు నమ్మకండి. ట్రాన్స్‌ఫర్‌కు ముందు జెల్‌ను ఈడీటీఏ ఉన్న బఫర్‌లో నానబెట్టి లోహపు అయాన్లను తీసేయాలి. అది మర్చిపోతే బ్లాట్ మీద ఏమీ కనబడక లేనిపోని టెన్షన్.

తర్వాత కేంద్రకాలు విడదీయాలి. ఇక్కడ మొక్కలకే ఉన్న ఒక చిక్కు చెప్తాను. కేంద్రకం పగలకుండా ఉండాలంటే హోండా బఫర్ లాంటివాటిలో మెగ్నీషియం 10 మిల్లీమోలార్ దాకా ఉంటుంది. కానీ పీపీ2సీలు పని చేయడానికి కావలసింది మెగ్నీషియం లేదా మాంగనీసే. అరబిడాప్సిస్‌లో ఇవి సుమారు 80 ఉన్నాయి. ఒకడాయిక్ ఆమ్లం అనే ఇన్హిబిటర్ పీపీ1, పీపీ2ఏలను ఆపుతుంది కానీ వీటి జోలికి పోదు. అంటే మీరు జాగ్రత్తగా కేంద్రకాలు కడుగుతున్నంతసేపూ ఫాస్ఫేట్లు ఊడిపోతూ ఉండొచ్చు. మొలకలను కోసిన వెంటనే లిక్విడ్ నైట్రోజన్‌లో పడేయండి. బఫర్‌లో సోడియం ఫ్లోరైడ్, బీటా-గ్లిసరోఫాస్ఫేట్, వనడేట్ కలపండి. అంతా మంచులోనే, త్వరత్వరగా జరగాలి. వీలైతే పక్కనే ఇంకో శాంపిల్‌ను ముందే ఫార్మాల్డిహైడ్‌తో బిగించి పోల్చి చూడండి. కేంద్రకాల భాగం శుభ్రంగా ఉందో లేదో చెప్పడానికి హిస్టోన్ హెచ్3, కణద్రవ్యానికి యూజీపేజ్ లేదా పీఈపీసీ ఎంజైమ్ బ్లాట్లు రెండు వైపులా పెట్టండి. ఆకుల్లో విరివిగా ఉండే రుబిస్కో ఎంజైమ్ మొండిగా అంటుకునే ఉంటుంది, అది చూసి బెంబేలెత్తకండి.

ఇంకొక మాట. సెరిన్‌ను ఆస్పార్టేట్‌గా మార్చి "ఫాస్ఫోమిమిక్" అని తేల్చేయడం బాగా ప్రచారంలో ఉంది. ఆస్పార్టేట్ మీద ఉన్నది ఒక్క ఋణావేశం, ఫాస్ఫేట్ మీద దాదాపు రెండు. 14-3-3 ప్రోటీన్లు ఆస్పార్టేట్‌ను చూసి సాధారణంగా మోసపోవు. మీ ప్రోటీన్ 14-3-3తో బయట ఆగే రకమైతే ఈ మ్యూటెంట్ కేంద్రకంలో కనిపించి మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తుంది. అలాంటప్పుడు అలనిన్ మ్యూటెంట్‌నే నమ్ముకుని, దాన్ని మ్యూటెంట్ మొక్కలోకి ప్రవేశపెట్టి లోపం తీరుతుందో లేదో చూడండి.

చివరికి "కేంద్రకంలోనే జరిగింది" అని రాయాలంటే ఫాస్ఫోరిలేట్ అయిన ప్రోటీన్ కేంద్రకంలో దొరకడం చాలదు, బయట ఫాస్ఫేట్ పెట్టించుకుని లోపలికి వచ్చి ఉండొచ్చు. అనుమానం ఉన్న కైనేజ్‌కు ఒకసారి లోపలికి పంపే సిగ్నల్, ఇంకోసారి బయటికి పంపే సిగ్నల్ తగిలించి రెండు లైన్లు చేసి, ఏ లైనులో పైబ్యాండ్ వస్తుందో చూడండి. అదే పని ఫాస్ఫటేజ్‌తో కూడా చేస్తే ఇంకా మంచిది. ఇవేవీ చేసే సమయం లేకపోతే థీసిస్‌లో "ఫాస్ఫోరిలేట్ అయిన రూపం కేంద్రకంలో కనిపించింది" అని రాయండి, "కేంద్రకంలో ఫాస్ఫోరిలేట్ అయింది" అని రాయకండి. వైవాలో ఎగ్జామినర్ మొదట పట్టుకునేది ఆ తేడానే.